రెండు వేళ్ళ మార్జిన్

మార్చి 3, సోమవారం

రిపేరు గది మూసేస్తారట. జూన్ నెలాఖరు దాకానే. మేడమ్ నిలబడే చెప్పి నిలబడే వెళ్ళిపోయింది. చిరిగిన యూనిఫాం కుట్టి ఇవ్వడం కంటే కొత్తది తెప్పించడమే కంపెనీకి చవకట. మేడమ్ తలుపు దాటగానే నాతోపాటు పనిచేసే బొత్తాలావిడ సూది పక్కన పెట్టి, అయితే ఇక మననీ పాత గుడ్డల మూటలో కట్టేస్తారన్నమాట అంది. ఇద్దరం నవ్వాం. ఆ తర్వాత సూదిలో దారం ఎక్కించడానికి నాకు నాలుగుసార్లు పట్టింది.

ఇంట్లో చెప్పలేదు. రేపు చెబుతాను.

మార్చి 4, మంగళవారం

మా ఆయనకి నడుం నొప్పి. ఇవాళ కాదు.

మార్చి 6, గురువారం

ఇది మా అమ్మాయి వాడకుండా వదిలేసిన నోట్‌బుక్. పదిహేడేళ్ళకే ఇంట్లో ప్రతిదాని మీదా తీర్పు చెబుతుంది కాబట్టి దానికి జడ్జిగారని పేరు పెట్టాం. జడ్జిగారు ఇది చదివితే నా పని అయిపోయినట్టే. బట్టల పెట్టె అడుగున దాస్తున్నాను.

కోపంగా ఉంది, రాసేస్తాను. తొమ్మిదేళ్ళ క్రితం నేను చేరినప్పుడు కింది హాల్లో అరవై మిషన్లు ఒకేసారి నడిచేవి. నర్సులకీ, వంటవాళ్ళకీ, బస్సు డ్రైవర్లకీ యూనిఫాంలు ఇక్కడే కుట్టేవాళ్ళం. ఐదేళ్ళ క్రితం కుట్టుపని మొత్తం సముద్రం అవతలికి పంపేశారు. ఎక్కడికో కాదు, మేం వదిలి వచ్చిన ఊరికే. అక్కడ పని దొరకడం లేదని ఇల్లూ వాకిలీ వదిలి నేనింత దూరం వస్తే, పనేమో నేను వచ్చిన దారినే వెనక్కి వెళ్ళి కూర్చుంది. ఎదురెదురు బస్సుల్లో ఒకరినొకరు దాటిపోయినట్టుంది మా ఇద్దరి వ్యవహారం.

ఇప్పుడు కింది హాలు నిండా అట్టపెట్టెలు. పనిచేసే గదులు రెండే మిగిలాయి. ఒకటి మాది, రిపేరు గది. బొత్తాలు ఊడినవి ఆవిడకి, చిరిగినవి నాకు. రెండోది ప్యాటర్న్ గది. అందులో మాస్టారు ఒక్కరే ఉంటారు. చొక్కా ఏ ముక్క ఏ ఆకారంలో కోయాలో ఆయన గీస్తే, ఆ గీతలు కంప్యూటర్‌లో అవతలికి వెళతాయి. ఆ గీతల మీదే వేల చొక్కాలు. మాస్టారు జూన్‌లో రిటైర్ అవుతున్నారు. ఆయన కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెడతారో, ఆ పనీ అవతలికే తోసేస్తారో ఎవరికీ తెలీదు. కూర్చోబెడితే మాత్రం సర్టిఫికెట్ ఉన్నవాళ్ళనే.

నేను రెండేళ్ళుగా సాయంత్రం బడిలో ప్యాటర్న్ కోర్సు చదువుతున్నాను. మే నెలలో పరీక్ష. ఆ కుర్చీ కోసం చేరానని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ భ్రమ. ఊరికే, కాలక్షేపానికి చేరాను.

మార్చి 11, మంగళవారం

మాస్టారు పిలిచారు. బస్సు కంపెనీ వాళ్ళు తమ చొక్కాలు నెల తిరక్కుండానే చిరుగుతున్నాయని ఉత్తరం మీద ఉత్తరం రాస్తున్నారట. ఈసారి బాగా లేకపోతే ఆర్డరు ఇంకో కంపెనీకి ఇచ్చేస్తామన్నారట. మాస్టారికి కళ్ళు బాగా మసకబారాయి, వచ్చేవారం ఆపరేషన్.

చిరిగిన చొక్కా ఒకటి నా ముందు పడేసి, ఇది ఎందుకు చిరిగిందో చెప్పమన్నారు. నవ్వొచ్చింది. తొమ్మిదేళ్ళుగా చిరుగులు తప్ప నేను చూసిందేముంది? చిరుగు చూస్తే మనిషి చేసే పని చెప్పగలను. వంటవాళ్ళది కుడి మోచేయి, శుభ్రం చేసేవాళ్ళది మోకాలు, నర్సులది జేబు మూల. డ్రైవర్లది వీపు వైపు చంక. రోజంతా చేతులు ముందుకి చాచి స్టీరింగ్ తిప్పుతారు. చొక్కాలేమో చేతులు కిందికి వేలాడేసి నిలబడ్డ మనిషికి కొలిచి గీసినవి. ఆ మాటే చెప్పాను.

"మరి నువ్వయితే ఏం చేస్తావమ్మా?" అన్నారు.

చంక కోత పైకి జరుపుతానన్నాను. అందరూ వదులు కోసం కిందికి దించుతారు. దించినకొద్దీ చెయ్యి చాచగానే చొక్కా మొత్తం పైకి లేస్తుంది, కుట్టు మీద బరువు పడుతుంది. పైకి జరిపి, వీపు మీద రెండు మడతలు వదిలితే చెయ్యి తిరుగుతుంది, చొక్కా కదలదు. మాస్టారు చొక్కా దగ్గరికి లాక్కుని చంక కుట్టు వేలితో తడిమి చూశారు. ఆ తర్వాత మేడమ్ గదికి వెళ్ళి, ఈ చొక్కా ఆమె గీస్తుంది, ఇది బాగా వస్తే నా కుర్చీ గురించి మాట్లాడదాం అని చెప్పి వచ్చారు. మేడమ్ సరేనందట.

నాకేం ఆశ లేదు.

మార్చి 12, బుధవారం

చేతులు చాచి కూర్చున్నప్పుడు వీపు కొలవాలి. మా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చేతిలో పళ్ళెం పెట్టి, స్టీరింగ్ తిప్పమన్నాను. ఒకప్పుడు కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన మనిషి. ఇక్కడ ఆయన డిగ్రీలు ఏ లెక్కలోకీ రాలేదు, గోదాములో సరుకు మోసే బండి నడుపుతున్నారు. హారన్ కూడా కొట్టమంటావా అని అడిగారు. జడ్జిగారు వచ్చి చూసి, మీ ఇద్దరికీ పెళ్ళి చేసినవాళ్ళది దూరదృష్టి అని తీర్పు ఇచ్చి వెళ్ళిపోయింది.

గది సంగతి చెబుదామనుకున్నాను. ఆయన హారన్ కొడుతూనే ఉన్నారు.

మార్చి 22, శనివారం

చొక్కా పూర్తయింది. నేనే గీసి, నేనే కోసి, నేనే కుట్టాను. పదిహేడో నంబరు బస్సు డ్రైవరు మా వీధిలోనే ఉంటాడు. వెళ్ళి బతిమాలి తొడిగించాను. తన బస్సులో కూర్చుని చక్రం ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పాడు. చొక్కా అంచు నడుం దగ్గర నుంచి అంగుళం కూడా లేవలేదు. ఇది విప్పాలా అని అడిగాడు. మనసు గాల్లో తేలిపోయింది.

కోయడం మా అమ్మ నేర్పింది. సుద్దతో గీసే గీత కుట్టు పడే చోటు. దానికి బయట రెండు వేళ్ళు మార్జిన్ వదిలి కత్తెర వేయాలి. ఆ రెండు వేళ్ళూ గీసి వదలను, చూసి వదులుతాను. సాయంత్రం బడిలో కుర్రవాళ్ళు స్కేలు పెట్టి కొలుచుకుంటూ ఉంటే నేను మూడు ముక్కలు కోసేస్తాను. టీచరుకి నన్ను చూస్తే ముచ్చట.

మార్చి 28, శుక్రవారం

గీతలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. బడిలో అయితే టీచరు తయారుచేసిన ఫైలు తెరిచి గీస్తాం, ఇక్కడ ఖాళీ ఫైలు. అయినా వెంట్రుక వాసి తేడా లేకుండా దించాను. మాస్టారు కంటికి కట్టుతో ఇంట్లో ఉన్నారు, ఆయనకి చూపించే వీల్లేదు. అవసరమూ లేదు. నలభై చొక్కాలు కుట్టి పంపమని అవతలికి పంపించేశాను.

మార్చి 31, సోమవారం

అవతలి కుట్టు లైన్ సూపర్‌వైజర్ దగ్గర నుంచి మెయిల్. మార్జిన్ కలిపారా అని అడుగుతోంది. రెండేళ్ళు చదివిన దాన్ని, నాకు పాఠాలు చెబుతోంది. మాస్టారు ఇలాంటివాటికి ఎప్పుడూ ఒక్క ముక్కలో జవాబిస్తారు. నేనూ అలాగే ఇచ్చాను. "ఫైలులో ఉన్నట్టే కోయండి." పంపించాక అద్దంలో చూసుకున్నాను. ఆఫీసరులాగే ఉన్నాను.

ఏప్రిల్ 10, గురువారం

పెట్టె వచ్చింది.

ఏప్రిల్ 11, శుక్రవారం

నలభైకి నలభై బిగుతు. పెద్దసైజు చొక్కా మా జడ్జిగారికి సరిపోతుంది. మేడమ్ ఒక్కో చొక్కా తీసి బల్ల మీదకి విసిరేసింది. ఇక్కడ మా మనిషి కుట్టి చూపించిన చొక్కా అంత బాగుంది కదా, మరి వీళ్ళకేం రోగం, చవక అని ఇస్తే ఇలాగే ఉంటుంది అని ఫోన్‌లో అవతలివాళ్ళని అరగంట కడిగేసింది. నష్టం మీదే అంది. నా వైపు తిరిగి, మీరేం బాధపడకండి, మీ తప్పు లేదు అంది.

నిజమే. కుట్టడం వాళ్ళ పని. చిన్నగా కుట్టారు.

ఏప్రిల్ 12, శనివారం

చిన్నగా కుట్టారు. అంతే.

బడికి వెళ్ళలేదు. తలనొప్పి.

ఏప్రిల్ 13, ఆదివారం

పొద్దున్న జడ్జిగారి పక్కన కూర్చుని ఆఫీసు ఫైలు ఇంటి కంప్యూటర్‌లో తెరిచాను. బడి ఫైలు పక్కన పెట్టాను. బడి ఫైలులో ప్రతి ముక్కకీ బయట ఇంకో గీత ఉంది, అది టీచరు ముందే పెట్టి ఉంచింది. నా ఫైలులో లేదు. ఒక్క గీతే ఉంది. కుట్టు పడే గీత. ఆ గీత మీదే కోసేశారు, ఇంకా లోపలికి కుట్టారు.

అమ్మా, ఇందులో రెండో గీత ఏది అని జడ్జిగారు అడిగింది. అది కంటితో వదులుతాం అన్నాను. ఎవరి కంటితో అంది. ఇంతదూరం నుంచి నా కన్ను అక్కడికి ఎలా వెళుతుంది?

నేనేం చెయ్యను? చెబితే కుర్చీ పోతుంది. గది జూన్‌తో సరి. ఆయన ఒక్కరి జీతం మీద ఇల్లు గడవదు, జడ్జిగారి కాలేజీ సంగతి సరేసరి. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. మేడమ్ తప్పు వాళ్ళ నెత్తిన వేసేసింది కూడా. అవతలి కంపెనీ పెద్దది, నలభై చొక్కాల నష్టం వాళ్ళకొక లెక్కా?

ఏప్రిల్ 14, సోమవారం

మేడమ్ సంతోషంగా ఒక మెయిల్ చూపించింది. అవతలి యజమాని క్షమాపణ చెప్పాడు. బాధ్యురాలైన సూపర్‌వైజర్‌ని లైన్ నుంచి తీసేశామని రాశాడు.

మధ్యాహ్నం తిండి మానేసి మెట్ల కింద నిలబడి ఆ ఫ్యాక్టరీకి ఫోన్ చేశాను. అటు తిప్పి ఇటు తిప్పి చివరికి ఆ అమ్మాయికి ఇచ్చారు. నేను ఆఫీసు అలవాటు కొద్దీ ఈ దేశపు భాషలో మొదలుపెట్టాను. రెండు మాటలు కాగానే ఆ అమ్మాయి ఆపింది. మీ మాట వింటే మనవాళ్ళలా ఉన్నారే అంది, మన భాషలో. నేనూ మన భాషలోకి దిగాను.

లైన్ నుంచి తీసి ప్యాకింగ్‌లో వేశారట. ఎనిమిదేళ్ళు మిషన్ మీద కూర్చుని సూపర్‌వైజర్ అయిందట.

"నేను అడిగానక్కా, మార్జిన్ కలిపారా అని. ఎవరో ఫైలులో ఉన్నట్టే కోయమని రాశారు."

"నేనే రాశాను."

అటునుంచి మిషన్ల చప్పుడు వినిపిస్తోంది. ఐదేళ్ళ క్రితం దాకా మా కింది హాల్లో వినిపించిన చప్పుడే. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఇక్కడ కోసేది మిషనక్కా. గీత ఎక్కడుంటే అక్కడ కోస్తుంది. మనలాగ చూసి వదలడం దానికి తెలీదు" అంది. ఆ తర్వాత, ఆ చంక కోత మాత్రం చాలా బాగుందక్కా, ఎవరు గీశారా అనుకున్నాను అంది.

మెట్ల కింద కూర్చుని ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను, ఇంకెందుకూ కాదు.

ఏప్రిల్ 15, మంగళవారం

చెప్పేశాను.

రాత్రంతా మాటలు కూర్చుకుని వెళితే గదిలోకి అడుగుపెట్టగానే ఒక్కటీ గుర్తులేదు. రెండు ఫైళ్ళూ పక్కపక్కన తెరిచి చూపించాను. తప్పు నాది మేడమ్ అన్నాను. ఆ అమ్మాయి అడిగింది, నేనే గొప్పకి పోయి జవాబిచ్చాను అన్నాను. మేడమ్ మొహం రంగు మారింది.

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు."

"మీకు తెలిసేది కాదు మేడమ్. నాకు తెలుసుగా."

ఎందుకు చెప్పారంది. ఆ అమ్మాయిని లైన్‌లోకి తిరిగి తీసుకోవాలి కాబట్టి అన్నాను. ఇంకా అన్నాను. బస్సు కంపెనీకి మే ఒకటికల్లా చొక్కాలు ఇవ్వాలి. ఫైలు ఇవాళే సరిచేస్తాను. లైన్ మీద ఆ అమ్మాయి ఉంటే పదిరోజుల్లో నలభై వస్తాయి, లేకపోతే రావు. అంత మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలీదు. మేడమ్ గోడ మీది క్యాలెండరులో మే ఒకటి దాకా రోజులు లెక్కపెట్టింది. చివరికి అవతలికి ఫోన్ చేసింది. ఫోన్ పెట్టేసి, ఆ కుర్చీ మాట మాత్రం ఇప్పుడు అడక్కండి అంది. అడగలేదు.

ఇంటికొచ్చి ఆయనతో అన్నీ చెప్పాను. గది మూసేస్తున్నారన్నదీ, చొక్కాలదీ, ఫోన్‌దీ.

"అయితే తప్పు ఒప్పుకుని వచ్చావా, ఉద్యోగం పోగొట్టుకుని వచ్చావా?"

రెండూనేమో అన్నాను. ఆయన కోపం గది గురించి. ఆరు వారాలు నా దగ్గర దాచావు అన్నారు. నేను అంత పనికిరానివాడినా అన్నారు. ఆ మాట గుచ్చుకుంది. కాదండీ, మీకు నడుం నొప్పి కదా అన్నాను. నడుం నొప్పి చెవులకి లేదుగా అన్నారు. కాసేపటికి, ఆ ఫైలేదో తీసుకురా, గీతలు ఎన్ని మిల్లీమీటర్లు జరగాలో లెక్కకడదాం అన్నారు. ప్రతి వంపు దగ్గరా మార్జిన్ ఎంత ఉండాలో ఆయన కాగితం మీద వేసి చూపిస్తుంటే, ఒకప్పుడు బోర్డు దగ్గర ఇలాగే ఉండేవారు కదా అనిపించింది.

ఏప్రిల్ 29, మంగళవారం

పెట్టె వచ్చింది. నలభైకి నలభై సరిగ్గా ఉన్నాయి. మొదటి చొక్కా కాలరుకి చిన్న చీటీ పిన్నుతో గుచ్చి ఉంది. "చూసి కుట్టాం అక్కా." చీటీ తీసి పర్సులో పెట్టుకున్నాను.

మే 8, గురువారం

డ్రైవర్లు తొడుక్కుని వారమైంది. ఏ కబురూ లేదు. కబురు లేకపోవడం మంచిదే అని మాస్టారు అంటున్నారు. సెలవు ముగించి వచ్చారు, కొత్త కన్ను పెట్టుకుని అందరిలోనూ లోపాలు వెతుకుతున్నారు. నా ఫైలు చూసి, కంటితో వదిలే రోజుల్లో నేనూ ఒకసారి ఇలాగే వంద చొక్కాలు పాడుచేశాను, ఎవరికీ చెప్పలేదు అన్నారు. ఎవరి మీదకి నెట్టారని అడిగాను. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.

మే 17, శనివారం

పరీక్ష. నేను స్కూలు మానేసింది పదో తరగతి మధ్యలో. మళ్ళీ పరీక్ష గదిలో నంబరు వెతుక్కుని కూర్చున్నాను. ఎడమ పక్కన ఇరవయ్యేళ్ళ కుర్రది, కుడి పక్కన ఇంకో దేశం నుంచి వచ్చిన పెద్దాయన. అక్కడ బూట్ల ఫ్యాక్టరీలో పనిచేశాడట. అందరికీ ఒకటే ప్రశ్న, ఒకటే గుడ్డ.

గీశాను. బయటి గీత కూడా గీశాను. ప్రతి ముక్క మీదా మార్జిన్ ఎంతో అంకె వేసి రాశాను. ఆ తర్వాత నోటితో చెప్పాలి. ముగ్గురు పరీక్షకులు. వాళ్ళ భాషలో నాకు క్రియలన్నీ తారుమారవుతాయి. ఈ అంకె ఎందుకు రాశారు, ఇది చిన్నపిల్లలకి కూడా తెలుసు కదా అని ఒకాయన అడిగాడు. కోసేవాళ్ళు నా పక్కన ఉండరు, నేను రాసిందే వాళ్ళకి నేను అన్నాను. క్రియ ఎలా వచ్చిందో మరి. ముగ్గురూ ఒకేసారి ఏదో రాసుకున్నారు.

మే 23, శుక్రవారం

పాసయ్యాను. పద్నాలుగు మందిలో రెండో ర్యాంకు నాది. మొదటిది పక్క కుర్రదానిది. సర్టిఫికెట్ మీద నా పేరు నిండుగా, తప్పు లేకుండా ఉంది. నలభై మూడేళ్ళలో నా పేరు మీద వచ్చిన మొదటి చదువు కాగితం. జడ్జిగారు దాన్ని రెండుసార్లు చదివి తీర్పేమీ ఇవ్వకుండా వచ్చి గట్టిగా పట్టుకుంది. నేను వదల్లేదు.

మే 26, సోమవారం

బస్సు కంపెనీ నుంచి మనిషి వచ్చాడు. పాత చొక్కాలయితే మూడు వారాలకి నలభైలో పది పదకొండు మా గదికి వచ్చేవి. ఇవి ఒక్కటే వచ్చింది. అదీ డ్రైవరు ఇంట్లో కుక్క పట్టుకుని లాగిందట. ఆర్డరు ఖాయం చేశారు. అన్ని డిపోలకీ ఇవే కావాలన్నారు. ఇది ఎవరు గీశారని ఆయన అడిగితే మేడమ్ నా వైపు చెయ్యి చూపించింది. ఆయన వచ్చి చేతులు కలిపాడు. బొత్తాలావిడ మా గది తలుపు సందులోంచి చూస్తోంది.

మే 28, బుధవారం

మేడమ్ పిలిచింది. కుర్చీ వేసి కూర్చోమంది. నన్ను సహాయకురాలిగా ఆరు నెలలు పెట్టుకుంటుందట. అసలు ప్యాటర్న్ పని అవతల ఎవరితోనైనా చేయించి, నేను ఇక్కడ సరిచూస్తే చాలట. జీతం రిపేరు గదిలోదే. తొమ్మిదేళ్ళుగా మేడమ్ ఏం చెప్పినా నా జవాబు ఒకటే, సరేనండి. ఆ సరేనండి నాలుక చివర దాకా వచ్చింది.

"వద్దు మేడమ్. మాస్టారి ఉద్యోగం ఇస్తే చేస్తాను. సహాయకురాలిగా చేయను."

తప్పు చేసిన మనిషి ఇలా అడగడం బాగుందా అంది. చేశాను కాబట్టే అడుగుతున్నానన్నాను. గీత ఇక్కడ ఎందుకు గీయాలో, అక్కడ ఎలా కోస్తారో రెండూ తెలిసింది ఈ బిల్డింగులో నాకే. డ్రైవరు ఇక్కడ ఉన్నాడు, నర్సు ఇక్కడ ఉంది, వాళ్ళ చిరుగులు చూసినదాన్ని నేను. అవతల ఎంత తెలివైనవాళ్ళున్నా మా పదిహేడో నంబరు బస్సు ఎక్కి చూడలేరు. మేడమ్ ఆలోచించుకుని చెబుతానంది.

ఇంటికొచ్చి చెబితే ఆయన చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఉన్నదీ పోతుందేమోనే అన్నారు. పోతే పోనివ్వండి, సర్టిఫికెట్ ఉంది, కంపెనీ ఇదొక్కటేనా అన్నాను. అన్నాక బాత్‌రూంలోకి వెళ్ళి తలుపేసుకుని, ఎంత పని చేశానురా దేవుడా అనుకున్నాను.

మే 29, గురువారం

పిలవలేదు.

మే 30, శుక్రవారం

పిలవలేదు. నాకేం ఆశ లేదు.

జూన్ 2, సోమవారం

నాకు ఆశ ఉంది. చాలా ఉంది. మొదటి నుంచీ ఉంది. ఆ కోర్సులో చేరిన రోజు నుంచీ ఉంది.

జూన్ 3, మంగళవారం

ఇచ్చారు! మాస్టారి ఉద్యోగం, మాస్టారి గది, పూర్తి హోదాతో. ఉత్తరం రెండు పేజీలు. మేడమ్ సంతకం పెడుతూ, మీరు మొన్న అలా అడగకపోతే ఇచ్చేదాన్ని కాదు అంది. అది పొగడ్తో దెబ్బో తేల్చుకోలేదు, సంతకం ఆరేదాకా ఆగి కాగితం తీసేసుకున్నాను.

బొత్తాలావిడకి నమూనాలు కుట్టే పని ఇప్పిస్తానన్నాను. ఆవిడ రెండు చేతులూ ఎత్తేసింది. ఇక జన్మలో సూది మొహం చూడను, చెల్లెలి పూల దుకాణంలో కూర్చుంటాను, నువ్వు నీ రాజ్యం ఏలుకో అంది. వెళ్ళేముందు నా చొక్కా బొత్తం వదులైందని కుట్టేసి మరీ వెళ్ళింది.

ఇంట్లో ఆయన ఉత్తరం మొత్తం చదివారు, చిన్న అక్షరాలతో సహా. ఇందులో ఒక తప్పుంది, తేదీ నిన్నటిది వేశారు అన్నారు. ఆ తర్వాత మొహం అటు తిప్పుకున్నారు. ఆయన భుజాలు కదలడం చూశాను. నేను ఆయన వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

జూలై 4, శుక్రవారం

మూడు రోజులుగా గది నాది. పొద్దున్నే వచ్చి కిటికీలు తెరుస్తాను, బల్ల తుడుస్తాను, అప్పుడు గీస్తాను. ఇప్పుడు నర్సుల కోటు నడుస్తోంది. జేబు మూల గురించి నాకు తెలిసిందంతా అందులో పెట్టాను. డ్రైవర్ల చొక్కాలు అవతల లైన్ మీద ఉన్నాయి, నా గీతల మీద రెండు వేల చొక్కాలు.

మధ్యాహ్నం అవతల నుంచి సూపర్‌వైజర్ ఫోన్ చేసింది. కాలరు గురించి అడిగింది, మాట్లాడుకున్నాం. పెట్టేసే ముందు నసిగింది. ఏంటమ్మా అన్నాను.

"అక్కా, మీరు చదివిన కోర్సు ఇక్కడ లేదు. ప్యాటర్న్ గీయడం నాకు నేర్పుతారా?"

ఈ కుర్చీలో మూడు రోజులే అయింది. ఆ అమ్మాయి చెయ్యి నేను చూశాను, ఆ కుట్టు చూశాను. నేర్పితే రెండేళ్ళలో నాకంటే బాగా గీస్తుంది. అప్పుడు మేడమ్‌కి నా జీతం దండగనిపించొచ్చు. మూడు నెలల క్రితమైతే, ఫైలులో ఉన్నట్టే కోయండి అన్నట్టు, ఒక్క ముక్కలో తేల్చేసేదాన్ని. ఇప్పుడూ భయం వేస్తుందేమోనని కాసేపు ఆగి చూసుకున్నాను. వెయ్యలేదు. ఈ పని అటు వెళ్ళే రోజు వస్తే, నేను ఇంకోటి నేర్చుకుంటాను. ఎలా నేర్చుకోవాలో ఇప్పుడు నాకు వచ్చు.

నేర్పుతానన్నాను. బుధవారం సాయంత్రం మొదటి పాఠం పెట్టుకున్నాం. వాళ్ళ లైన్ మీద ఇంకో ఇద్దరు కూడా వింటామంటున్నారట, పరవాలేదా అక్కా అని అడిగింది. రమ్మను అన్నాను.